కురిసేది చలికాలంలో, కావాల్సింది ఎండాకాలంలో: కాలిఫోర్నియా కొండల్లో గంజాయి నీటి కథ

కాలిఫోర్నియా ఉత్తర కొసన హంబోల్ట్, మెండసీనో, ట్రినిటీ అని మూడు కౌంటీలున్నాయి. మూడింటినీ కలిపి ‘ఎమరాల్డ్ ట్రయాంగిల్’ అంటారు. అమెరికాలో గంజాయి సాగుకు పెట్టింది పేరు. కరెంటు తీగ కూడా చేరని కొండ మలుపుల్లో దశాబ్దాలుగా ఈ పంట పండుతోంది. మొదట్లో దొంగచాటుగా పండించారు. 1996లో ప్రొపొజిషన్ 215 అనే ప్రతిపాదన ప్రజల ఓటుతో గెలిచాక వైద్యం కోసమన్నారు. 2016 నవంబరులో ప్రొపొజిషన్ 64 గెలిచాక లైసెన్సు తీసుకుని బాహాటంగానే పండిస్తున్నారు. ఇదంతా రాష్ట్రం వరకే. ఫెడరల్ చట్టం దృష్టిలో ఈ సాగు వ్యవహారం వేరు.

ఈ ప్రాంతం సంగతి కొత్తగా వినేవాళ్లకు ఒక విషయం అంతుబట్టదు. ఇక్కడ వానలకు కొదవ లేదు. మట్టోల్ నది లోయలో హనీడ్యూ చుట్టుపక్కల మంచి ఏడాదైతే వంద అంగుళాలు దాటి కురుస్తుంది. అయినా రైతులు, అధికారులు, పర్యావరణ సంఘాల మధ్య ఏళ్ల తరబడి నలుగుతున్న తగవు నీళ్ల గురించే. అంత వాన పడే చోట నీటి ఎద్దడి ఏమిటి?

ఇక్కడ వాన పడే కాలం వేరు, నీళ్లు కావాల్సిన కాలం వేరు. వానంతా దాదాపు అక్టోబరు నుంచి ఏప్రిల్ లోపే కురిసిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చినుకు పడితే విశేషమే. ఆరుబయట గంజాయి మొక్క వసంతం చివర్లో నేలలోకి వెళ్లి, ఎండాకాలమంతా పెరిగి, అక్టోబరులో కోతకొస్తుంది. మొక్కకు దాహం ఎక్కువగా ఉండేది ఆగస్టు, సెప్టెంబరులలో. వాగు చిక్కి సన్నటి ధారగా మారేదీ సరిగ్గా అప్పుడే. కొండ మీద చెరువులుండవు, కాలువలుండవు. ఉన్నదల్లా ఒక ఊట, ఒక వంక, దానిలో వేసిన నల్ల ప్లాస్టిక్ పైపు. దశాబ్దాల పాటు సాగునీటి వ్యవస్థ అంటే ఆ పైపే.

పైపుకు అటు చివర ఎవరున్నారో చూడకపోతే ఈ తగవు అర్థం కాదు. ఈల్, మట్టోల్, ట్రినిటీ నదుల్లోకి వచ్చి కలిసే చిన్న చిన్న వాగుల్లో సాల్మన్ చేపలు గుడ్లు పెడతాయి. వాటిలో కోహో అనే రకానిది ప్రత్యేకమైన ఇబ్బంది. చినూక్ సాల్మన్ పిల్లలు చాలావరకు పుట్టిన కొన్ని నెలలకే సముద్రం దారి పడతాయి. కోహో పిల్లలు అలా కాదు, వాగులోనే ఏడాదికి పైగా ఉంటాయి. అంటే ఒక పూర్తి ఎండాకాలం ఆ సన్నటి వాగులో, ఒక మడుగులో, చల్లటి నీటిలో బతికి బయటపడాలి. ఒక మడుగుకీ ఇంకో మడుగుకీ మధ్య ధార తెగితే మడుగు వేడెక్కుతుంది, ప్రాణవాయువు తగ్గుతుంది, చేపపిల్లలు చిక్కుబడిపోతాయి. ఈ తీరపు కోహోలను ఫెడరల్ ప్రభుత్వం 1997లోనే అంతరించే ముప్పున్న జాబితాలో చేర్చింది. వాటికి చలికాలపు వరదలో ఎంత నీరున్నా ఒరిగేది లేదు. ఆగస్టు చివరి వారంలో నిమిషానికి ఎన్ని గ్యాలన్లు పారుతున్నాయన్నదే వాటికి చావుబతుకుల లెక్క.

నేరమంతా గంజాయి మీద రుద్దడం కూడా న్యాయం కాదు. ఆ రైతులు రాకముందే ఈ వాగులు సగం దెబ్బతిన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ట్రాక్టర్లతో కొండలెక్కి అడవులు నరికారు. అడ్డదిడ్డంగా మట్టిరోడ్లు వేశారు. 1955లోనూ, 1964 క్రిస్మస్ నాడూ వచ్చిన మహా వరదలు ఆ వదులైన మట్టినంతా వాగుల్లోకి దించాయి. లోతైన మడుగులు పూడిపోయాయి, ధారలు వెడల్పై పలచబడ్డాయి. గంజాయి పైపు పడింది ఇలా అప్పటికే నీరసించిన వాగుల మీద.

2015లో కాలిఫోర్నియా చేపలు, వన్యప్రాణుల శాఖ శాస్త్రవేత్తలు ప్లాస్ వన్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఉపగ్రహ చిత్రాలు చూసి నాలుగు పరీవాహక ప్రాంతాల్లో మొక్కలు లెక్కపెట్టారు. ఒక్కో మొక్కకు రోజుకు 6 గ్యాలన్లు, అంటే సుమారు 22.7 లీటర్లు, ఏడాదిలో 150 రోజులు కావాలని అనుకుని లెక్కగట్టారు. నాలుగింటిలో మూడు చోట్ల, వాగు బాగా చిక్కిన రోజుల్లో, మొక్కలకు కావాల్సిన నీరు వాగులో ఉన్న నీటిని మించిపోవచ్చని తేలింది. మొక్కకు 6 గ్యాలన్లన్న అంచనా మీద రైతులు గట్టిగానే గొడవ పెట్టుకున్నారు. మొక్క సైజును బట్టి, నేలను బట్టి అది మారుతుంది, నిజమే. కానీ ఆ అంకెను సగానికి కోసినా వాగుకు మిగిలేది కొద్దిగానే.

ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. 50 మొక్కల తోటకు రోజుకు 300 గ్యాలన్లు చాలు. వినడానికి పెద్ద అంకె కాదు. ఒకే వాగు మీద అలాంటి తోటలు 100 ఉన్నాయనుకోండి, రోజుకు 30,000 గ్యాలన్లవుతుంది. ఎండాకాలం చివర్లో చిన్న వాగు సెకనుకు ఒక ఘనపుటడుగులో పదోవంతుకు పడిపోవడం మామూలే. అంటే రోజుకు దాదాపు 65,000 గ్యాలన్లు. సగానికి దగ్గరగా పైపుల్లోకి పోయినట్టే. ఏ ఒక్క రైతూ తప్పు చేసినట్టు కనబడడు. వాగు మాత్రం దాదాపు సగమైపోతుంది.

చట్టం అడ్డం తిరిగిన చోటు

ఈ కథలో నాకు అన్నిటికన్నా వింతగా అనిపించేది ఇదే. పరిష్కారం ఎవరికైనా తట్టేదే: చలికాలంలో పట్టి దాచుకో, ఎండాకాలంలో వాగు జోలికి పోకు. కానీ కాలిఫోర్నియా నీటి చట్టం చాలాకాలం దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో రైతును నెట్టింది.

అక్కడ ఉపరితల నీటి మీద ప్రధానంగా రెండు రకాల హక్కులున్నాయి. మొదటిది ఒడ్డు హక్కు. వాగు నీ భూమిని ఆనుకుని పారుతుంటే, ఆ భూమి అవసరానికి నీళ్లు తోడుకోవచ్చు. పర్మిట్ అక్కర్లేదు. కానీ ఒక మెలిక ఉంది: ఆ నీటిని ఒక కాలంలో పట్టి ఇంకో కాలానికి నిల్వ చేయడానికి వీల్లేదు. పారుతున్నప్పుడు వాడుకోవాలి, అంతే. రెండోది కేటాయింపు హక్కు. 1914 నుంచి దీనికి రాష్ట్రం దగ్గర పర్మిట్ తీసుకోవాలి. నిల్వ చేసుకోవాలంటే ఇది తప్పనిసరి. ఇప్పుడు రైతు స్థానంలో నిలబడి చూడండి. ఆగస్టులో, చేపలు గిలగిల్లాడుతున్నప్పుడు, వాగులోంచి తోడుకుంటే కాగితం అక్కర్లేదు. జనవరిలో, వాగు ఒడ్డులు దాటి పొర్లుతున్నప్పుడు, ట్యాంకు నింపి పెట్టుకుంటే మాత్రం దరఖాస్తు, ఫీజు, తనిఖీ, నెలల తరబడి ఎదురుచూపు. మనిషన్నవాడు ఏ దారి పడతాడు?

పైకప్పు మీద పడే వాన ఈ ముడి నుంచి బయట ఉంది. 2013 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన వాన నీటి సేకరణ చట్టం, ఇంటి కప్పు మీద పట్టిన వానను వాడుకోవడానికి నీటి హక్కు పర్మిట్ అక్కర్లేదని తేల్చి చెప్పింది. ఇది అన్ని చోట్లా ఉన్న మాట కాదు. కొలరాడోలో వాన చుక్క కూడా దిగువన ఎవరిదో హక్కు అన్న లెక్కన నడిచేది. అక్కడ ఇళ్లలో పట్టుకోవడానికి 2016లో అనుమతిచ్చినా, రెండు పీపాలు, రెండూ కలిపి 110 గ్యాలన్లు, అక్కడితో సరి. దానితో పోలిస్తే కాలిఫోర్నియా రైతుది అదృష్టమే.

ఫెడరల్ చట్టం గంజాయిని నిషేధించింది కాబట్టి 2014లో ఫెడరల్ జలవనరుల సంస్థ బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ తన ప్రాజెక్టుల నీరు గంజాయికి ఇవ్వబోమని ప్రకటించింది. కొండ మీది రైతుకు దానివల్ల పోయింది పెద్దగా లేదు. ఆ కాలువలు అతని దాకా ఎప్పుడూ రాలేదు. మబ్బు మాత్రం ఫెడరల్ అనుమతి అడగకుండానే కురుస్తుంది.

లైసెన్సు విధానం వచ్చాక రాష్ట్ర నీటి బోర్డు 2017 అక్టోబరులో గంజాయి సాగుకంటూ ప్రత్యేక నిబంధనలు తెచ్చింది, 2019లో సవరించింది. సారాంశం: ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 31 వరకు, అంటే పూర్తి ఏడు నెలలు, గంజాయి కోసం వాగులోంచి నీళ్లు తీయకూడదు. మిగిలిన ఐదు నెలల్లోనూ ఇష్టం వచ్చినట్టు కుదరదు. దగ్గర్లోని ప్రవాహ కొలత కేంద్రంలో వాగు ప్రవాహం నిర్ణయించిన స్థాయికి పైన ఉండాలి. సీజన్ మొదట్లో వరసగా ఏడు రోజులు ఆ స్థాయి దాటి పారితేనే మొదలుపెట్టాలి. తొలి వానలకు నేల తడిసి, చేపలు ఎగువకు ఈదే వేళ వాగును తోడేయకుండా ఈ జాగ్రత్త. తోడే వేగం నిమిషానికి 10 గ్యాలన్లు దాటకూడదు. నిల్వ కోసం నీటి హక్కు పొందడానికి పాత పర్మిట్ బాధ లేకుండా చిన్న సాగుదారులకు ఒక రిజిస్ట్రేషన్ పద్ధతి పెట్టారు. ఏడాదికి 6.6 ఎకరా అడుగుల దాకా, అంటే దాదాపు 21.5 లక్షల గ్యాలన్ల దాకా.

నిమిషానికి 10 గ్యాలన్లంటే మరీ పిసినారితనం అనిపిస్తుంది. లెక్క వేస్తే కథ వేరు. 50 మొక్కల తోటకు రోజుకు 300 గ్యాలన్ల చొప్పున 150 రోజులకు 45,000 గ్యాలన్లు. నిమిషానికి 10 చొప్పున తోడితే 75 గంటలు. ఏడాది పంటకు కావాల్సిన నీరంతా చలికాలంలో మూడు రోజుల పైచిలుకు పనే. వరదలో ఉన్న వాగుకు ఆ మూడు రోజులూ దోమ కుట్టినట్టు కూడా ఉండదు. అవే నీళ్లు ఆగస్టులో తోడితే దాని ప్రాణమే పోతుంది.

కప్పు చాలు, ట్యాంకే చాలదు

వాన పట్టడం అనగానే అందరూ కప్పు గురించి ఆలోచిస్తారు. అసలు తలనొప్పి కప్పు కాదు. ఏడాదికి 50 అంగుళాలు కురిసే చోట, అంటే 1270 మిల్లీమీటర్లు, ఒక చదరపు మీటరు కప్పు మీద 1270 లీటర్లు పడతాయి. తుళ్లిపోయేవి, ఆవిరయ్యేవి తీసేసి 85 శాతం దక్కిందనుకుందాం. మన 45,000 గ్యాలన్లకు, అంటే సుమారు 1,70,000 లీటర్లకు, 158 చదరపు మీటర్ల కప్పు కావాలి. ఇల్లు, షెడ్డు, గ్రీన్‌హౌస్ కలిపితే ఆ మాత్రం వైశాల్యం చాలామందికి ఉంటుంది. లైసెన్సు దరఖాస్తులో కూడా పట్టే వైశాల్యం ఎంత, నిల్వ సామర్థ్యం ఎంత అని విడివిడిగా రాయమంటారు. ఇంటి కప్పు, గ్రీన్‌హౌస్ కప్పు రెండూ లెక్కలోకి వస్తాయి. సగమే కురిసిన కరువు ఏడాదికి కప్పు రెట్టింపు కావాలి. అదీ కష్టం కాదనుకుందాం.

కష్టమంతా ఆ నీటిని ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఎక్కడ పెట్టాలన్నది. ఏడాది పొడుగునా వానలు పడే చోట్ల పట్టిన వానను పట్టినట్టే వాడేసుకోవచ్చు, మళ్లీ వాన వస్తుంది. ఇక్కడ ట్యాంకు ఏడాదికి ఒక్కసారే నిండుతుంది. 5,000 గ్యాలన్ల ప్లాస్టిక్ ట్యాంకులు తొమ్మిది కావాలి. ఒక్కోటి నిండితే దాదాపు 19 టన్నులు. తొమ్మిదీ కలిపి 170 టన్నుల బరువు కొండవాలు మీద పెట్టాలి. ఈ తీరంలో కొండలు గట్టి రాయి కావు. పగిలి నలిగిన శిలలు, బంకమన్ను కలగలిసినవి. తడిస్తే జారడం వాటికి అలవాటే. చదును చేసిన గట్టు చివర ట్యాంకు పెడితే, గట్టు అంచు కుంగి ట్యాంకు వాగులోకే దొర్లే ప్రమాదముంది. మట్టిరోడ్డు మీద ఆ ట్యాంకును లారీలో పైకి తేవడం ఇంకో పురాణం.

ఎత్తు సమస్య కూడా ఉంది. కప్పు మీంచి నీరు కిందికే దిగుతుంది, ఎండ బాగా తగిలే తోట చాలాసార్లు ఇంటికన్నా పైనుంటుంది. కాబట్టి కప్పు కింద ఒక ట్యాంకు, తోట పైన ఇంకో ట్యాంకు, మధ్యలో సోలార్ పంపు. పది మీటర్ల ఎత్తు తేడా ఉంటే ఒక బార్ ఒత్తిడి వస్తుంది, బొట్టు బొట్టు పద్ధతిలో నీరు పెట్టుకోవడానికి అది సరిపోతుంది. పగలు పంపు పైకి తోస్తే, మిగతా పని కొండే చూసుకుంటుంది.

మిగతావి చిన్న విషయాలు. ఎండాకాలమంతా కప్పు మీద చేరిన దుమ్ము, ఆకులు తొలి వానకు దిగుతాయి కాబట్టి ఆ తొలి నీటిని బయటికి వదిలేయాలి. వెలుతురు దూరితే నాచు పడుతుంది, ట్యాంకు ముదురు రంగులో ఉండాలి. మూత లేకపోతే ఉడతలో పక్షులో పడి చస్తాయి, నిబంధనలు కూడా మూత ఉండాలనే చెబుతాయి. 2020లో ఆగస్ట్ కాంప్లెక్స్ కార్చిచ్చు పది లక్షల ఎకరాలు దాటి కాలింది, ఈ కౌంటీల అడవులూ అందులో ఉన్నాయి. అలాంటి ఏడాది కప్పుల మీద పేరుకునేది ఆకులు కాదు, బూడిద.

ట్యాంకుకు చవక ప్రత్యామ్నాయం నీటి సంచి. పెద్ద దిండులా నేల మీద పరుచుకునే ప్లాస్టిక్ బ్లాడర్. మడిచి ట్రక్కులో వేసుకుని ఎంత మారుమూలకైనా తీసుకుపోవచ్చు. అందుకే దొంగసాగు రోజుల్లో దానికంత గిరాకీ. ఎలుక కొరికినా, కొమ్మ విరిగి పడినా పగులుతుంది. వేల గ్యాలన్లు ఒక్కసారిగా వాలు మీంచి దూకి మట్టినంతా కడిగి వాగులో పోస్తాయి. నీటి బోర్డు దీన్ని పూర్తిగా నిషేధించలేదు గానీ ప్రోత్సహించదు.

కుంట ఇంకో మార్గం. ఖర్చుకు తగ్గ నిల్వ కావాలంటే కుంటను మించింది లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ పరిశోధకులు ఈ సాగుదారుల నీటి లెక్కలు పరిశీలించినప్పుడు కూడా ఎండాకాలం గట్టెక్కే నిల్వ ఎక్కువగా కుంటలున్న వాళ్ల దగ్గరే కనిపించింది. ట్యాంకులు మాత్రమే ఉన్నవాళ్లకు సీజన్ మధ్యలోనే నీరు అయిపోయేది. కుంట మీద నేరుగా పడే వానతో పేచీ లేదు. కానీ ఒక వంక దారి మళ్లి అందులో చేరుతోందంటే అది మళ్లీ ఉపరితల నీరే, మళ్లీ అనుమతులే. వాగుకు అడ్డంగా కట్టినదైతే చేపల శాఖ అసలు ఒప్పుకోవడమే కష్టం.

కుంటతో వచ్చే ఇంకో తంటా బుల్‌ఫ్రాగ్. ఇది అమెరికా తూర్పు ప్రాంతం నుంచి వచ్చిన బండ కప్ప. నోట్లో పట్టేదల్లా మింగుతుంది, స్థానిక పసుపు కాళ్ల కప్పతో సహా. ఈ కొండల్లో సహజంగా ఎండాకాలం ఎండిపోని నిలవ నీరు తక్కువ. ఆ లోటే దాన్ని అదుపులో ఉంచేది. ఏడాది పొడుగునా నిండుగా ఉండే కుంట కట్టిచ్చామంటే దానికి ఇల్లు కట్టిచ్చినట్టే. అందుకే కుంటలున్న రైతులు ఈ కప్పల్ని అదుపు చేసే ప్రణాళిక కూడా ఇవ్వాలి. అందులో తేలికైన మార్గం శరదృతువులో కుంటను పూర్తిగా ఖాళీ చేయడం. తోకకప్పలు కప్పలు కాకుండానే పోతాయి. చేపల కోసం నీరు దాచమన్నారు, కప్పల కోసం ఖాళీ చేయమంటున్నారు అని రైతు విసుక్కుంటే తప్పు పట్టలేం.

ఇంత చేసినా లైసెన్సున్న రైతుల్లో వాన నీటి మీదే పూర్తిగా బతికేవాళ్లు తక్కువ. ఏడు నెలల నిషేధం వాగుకే కాబట్టి చాలామంది బోరు వేశారు. కాలిఫోర్నియాలో భూగర్భ జలాలకు ఇలాంటి కట్టుదిట్టాలు చాలా తక్కువ. 2014లో వచ్చిన భూగర్భ జల చట్టం పెద్ద మైదాన ప్రాంతాల కోసం రాసింది, కొండలను పెద్దగా పట్టించుకోదు. కానీ వాగు పక్కనే వేసిన బోరు తోడేది వాగులోకి రావాల్సిన నీటినే కావచ్చు. పైపు కళ్లకు కనబడేది, బోరు కనబడదు. వాగు గుమ్మం మూస్తే నీటి వాడకం కిటికీలోంచి దూరిందన్నమాట. నా దృష్టిలో ఈ విధానంలో అతి పెద్ద చిల్లు ఇదే.

దారి లేదని కాదు. మట్టోల్ ఎగువన శాంక్చురీ ఫారెస్ట్ అనే సంస్థ గంజాయి చట్టాలకు ముందే ఇళ్లవాళ్లతో ఒక ఒప్పందం నడిపింది. పెద్ద ట్యాంకు పెట్టిస్తాం, చలికాలంలో నింపుకోండి, ఎండాకాలంలో నదిలో పంపు ఆపేయండి అన్నది దాని సారం. ఎవరు ఎప్పుడు ఆపాలో నది మట్టం చూసి చెప్పేవారు. నీటి బోర్డు తర్వాత రాష్ట్రమంతా పెట్టిన నియమంలో ఉన్నది కూడా ఇదే ఆలోచన. తేడా ఒక్కటే, అక్కడ ట్యాంకు ఖర్చుకు తోడు దొరికింది. గంజాయి రైతు చాలావరకు సొంత జేబులోంచి పెట్టుకోవాలి.

ఆ జేబు పరిస్థితి ఏమిటంటే, 2021 తర్వాత టోకు ధర కుప్పకూలింది. ట్యాంకులు, కుంటలు, ఇంజినీరు ఫీజులు అప్పు చేసి కట్టినవాళ్లు చాలామంది సాగే మానేశారు. 2024 మార్చిలో హంబోల్ట్ కౌంటీలో మెజర్ ఎ అనే ప్రతిపాదన ఓటుకు వచ్చింది. గంజాయి తోటల విస్తరణకు కళ్లెం వేయడం, వాగుల్ని కాపాడటం దాని ఉద్దేశం. కానీ ‘విస్తరణ’ అనే మాటకు రాసుకున్న నిర్వచనం ఎంత వెడల్పుగా ఉందంటే, సాగు కోసం వాడే కట్టడాలు పెంచడం కూడా అందులో పడింది. కొత్త నీటి ట్యాంకు పెట్టినా విస్తరణే అంటారని వ్యతిరేకులు వాదించారు. వాగును కాపాడే ట్యాంకుకే ఆ చట్టం అడ్డుపడుతుందన్నది వాళ్ల ప్రధాన ఆరోపణ. ప్రతిపాదన భారీ తేడాతో ఓడిపోయింది.

ఇప్పుడు అక్కడ మిగిలిన ప్రశ్న ఎవరూ ముందుగా ఊహించనిది. వదిలేసిన తోటల్లో కుంటలు అలాగే ఉన్నాయి. ప్రతి చలికాలానికి ముందు అలుగు శుభ్రం చేయాలి, లేకపోతే గట్టు మీంచి నీరు పొర్లి తెగుతుంది. శరదృతువులో ఖాళీ చేయాలి, లేకపోతే బుల్‌ఫ్రాగ్ కాపురం పెడుతుంది. మంటలొచ్చినప్పుడు హెలికాప్టర్లు బకెట్లు ముంచుకోవడానికి కొండల్లో నిండు కుంటలు పనికొస్తాయి, కాబట్టి అన్నింటినీ పూడ్చేయమనీ అనలేరు. లైసెన్సు ఉన్నన్నాళ్లూ ఆ పనులు చేయించే అధికారి ఒకరుండేవారు. లైసెన్సు వదిలేసి వెళ్లిపోయిన మనిషి కుంట అలుగు దగ్గర డిసెంబరు వానలో పార పట్టుకుని నిలబడేది ఎవరన్నది మాత్రం ఏ నిబంధనలోనూ సరిగ్గా తేలలేదు.